గాజులదిన్నె నీళ్లలో పిల్లల పందేలకు ఏ కాటమరాన్ కొనాలి?

హంద్రీ తీరం (ఎమ్మిగనూరు), మార్చి 3

అందరికీ నమస్కారం. నేను ఎమ్మిగనూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. రెండేళ్లుగా ఈత నేర్చుకుంటున్న మా విద్యార్థులలో పన్నెండు మందికి, అంటే 13 నుంచి 16 ఏళ్ల వయసున్న ఏడుగురు అమ్మాయిలకూ ఐదుగురు అబ్బాయిలకూ, తెరచాప పడవ నడపడం నేర్పి రెండు మూడేళ్లలో పందేలకు పంపాలని మా పూర్వ విద్యార్థులు కొందరు పూనుకున్నారు. డబ్బు సమకూర్చే పని వారు తీసుకుని, ఏ పడవ కొనాలో తేల్చే పని నాకు అప్పగించారు. నీళ్లు మాకు గాజులదిన్నెలో ఉన్నాయి. హంద్రీ మీద కట్టిన ఆ జలాశయం పట్టేది నాలుగున్నర టీఎంసీలే అయినా, చుట్టూ కొండల అడ్డు లేకుండా పరుచుకున్న నీరు కాబట్టి గాలి బాగా ఆడుతుంది.

మా వాళ్ల మనసు రెండు డొప్పల పడవ మీద, అంటే కాటమరాన్ మీద ఉన్నది. ఇద్దరు పిల్లలు కలిసి నడుపుతారు కాబట్టి ఆరు పడవలు కాకపోయినా మూడు పడవలతో అందరికీ వంతులు వస్తాయి. ఒలింపిక్స్‌లో ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ జతగా నడిపే నాక్రా 17 కూడా ఈ జాతి పడవే కావడం మా అమ్మాయిలకు ఎంతో ఉత్సాహాన్నిచ్చింది. ఇప్పటివరకు నేను విన్న పేర్లు మూడు: నాక్రా 15, హోబీ 16, హోబీ వేవ్. వీటిలో దేనిని ఎంచుకోవాలో, ఎందుకు ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


తెరచాప (కడప), మార్చి 3

ఉపాధ్యాయులు గారికి నమస్కారం. నేను నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. విశాఖలో ఉన్నప్పుడు హోబీ 16 మీద చాలా ఏళ్లు తిరిగాను. మొదట ఒక మాట స్పష్టం చేసుకుంటే మిగిలినది తేలికవుతుంది. ఒకే కొలతలతో, ఒకే బరువుతో, ఒకే తెరచాపతో తయారైన పడవల సముదాయాన్ని పందేల వారు క్లాసు అంటారు. పడవలన్నీ ఒకటే అయినప్పుడు గెలుపు నడిపినవారిదవుతుంది. అందువల్ల మీరు కొంటున్నది పడవను మాత్రమే కాదు. మీ పిల్లలు రేపు ఎవరితో తలపడతారో కూడా ఈ కొనుగోలుతోనే నిర్ణయమవుతుంది.

హోబీ 16ను అమెరికాలో హోబీ ఆల్టర్ రూపొందించారు, ఇది 1970 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది. పొడవు ఐదు మీటర్ల పైచిలుకు, వెడల్పు 2.41 మీటర్లు, బరువు 145 కిలోలు. ప్రపంచమంతటా లక్షకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కొరత లేదు, పాత పడవలు కూడా దొరుకుతాయి. 2010లో గ్వాంగ్‌జౌలోనూ, 2014లో ఇంచియాన్‌లోనూ జరిగిన ఆసియా క్రీడలలో ఇది పోటీ పడవగా ఉన్నది. దీని డొప్పలు ఒక పక్క చదునుగా, రెండో పక్క ఉబ్బుగా ఉంటాయి. ఆ ఆకారమే నీటిలో పక్కకు జారిపోకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి కిందికి దించే పలకలు, అంటే డ్యాగర్ బోర్డులు దీనికి అవసరం లేదు. చుక్కానులు ఏదైనా తగిలితే పైకి లేస్తాయి. నేరుగా ఇసుక మీదికి తోలుకుపోయి నిలబెట్టవచ్చు. నా ఓటు దీనికే.


పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం హైదరాబాదు), మార్చి 4

తెరచాప గారి అనుభవం ముందు నాది చిన్నది. అయినా ఐదేళ్లుగా హుస్సేన్‌సాగర్‌లో పడవ నడుపుతున్నదానిగా, పోటీలకు వెళ్లి వచ్చినదానిగా, వారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. పిల్లలను పందేలకు పంపడమే లక్ష్యమైతే నేటి పిల్లలు ప్రపంచంలో దేని మీద పందేలు ఆడుతున్నారో చూడాలి. వరల్డ్ సెయిలింగ్ వారి యువజన ప్రపంచ పోటీలలో 2016 నుంచి కాటమరాన్ విభాగానికి నాక్రా 15ను వాడుతున్నారు. అంతకుముందు ఎస్‌ఎల్ 16, దానికి ముందు హోబీ 16 ఉండేవి. అంటే ఆ మెట్టు నుంచి హోబీ 16 దిగిపోయి చాలా కాలమైంది. నాక్రా 15 పొడవు 4.7 మీటర్లు. పెద్ద తెరచాప, దాని ముందు జిబ్ అనే చిన్న తెరచాప, ముందుకు ఉబ్బే గెన్నేకర్ అనే మరో తెరచాప ఉంటాయి, ఇద్దరూ ట్రాపీజ్ తీగకు వేలాడుతూ పడవ బయటికి ఒరిగి నడపవచ్చు. దీని మీద చేయి తిరిగిన పిల్లవాడు నాక్రా 17 మీదికి వెళ్లినప్పుడు కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ. హోబీ 16 నుంచి వెళ్లినవాడు వంపు తిరిగిన పలకల సంగతి మొదటి నుంచి నేర్చుకోవాలి.

తక్కువ డబ్బుతో పాత క్లాసులో మొదలుపెట్టి, మూడేళ్ల తరువాత మళ్లీ కొత్త పడవ కొనడం కన్నా, ఒక్కసారే సరైనది కొనడం మేలని నా అభిప్రాయం.


గాలిమర (అనంతపురం), మార్చి 4

నేను అనంతపురం జిల్లాలో గాలిమరల నిర్వహణలో పనిచేస్తాను. పడవల గురించి నాకు తెలిసింది తక్కువ, గాలి గురించి మాత్రం రోజూ చూస్తూ ఉంటాను. పడవను ఎంచుకునే ముందు మన గాలి, మన నీరు ఏయే నెలల్లో కలుస్తాయో ఒకసారి ఆలోచించాలని మనవి.

మన రాయలసీమలో బలమైన గాలి నైరుతి రుతుపవనాలతో వస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టడానికి కారణమే ఆ పడమటి గాలి. జూన్ నుంచి ఆగస్టు చివరి వరకు మధ్యాహ్నం పూట అది రోజుల తరబడి ఆగకుండా వీస్తుంది. ఇక నీటి సంగతి చూస్తే, మన జలాశయాలు మే, జూన్ నెలలలో అడుగంటి ఉంటాయి. వానలు పడి హంద్రీకి వరద రావాలి, హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీరు రావాలంటే శ్రీశైలానికి వరద చేరాలి కాబట్టి అవి ఎక్కువగా నిండేది ఆగస్టు మొదలుకొని అక్టోబరు వరకు. అంటే గాలి ఉన్నప్పుడు నీరు సగమే ఉంటుంది, నీరు నిండేసరికి గాలి మెత్తబడుతుంది. మీ పిల్లలు ఏడాదిలో అత్యంత మంచి గాలిని లోతు తక్కువ నీటిలోనే ఎదుర్కొంటారు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో ఉరుములతో లేచే ఈదురుగాలిని లెక్కలోకి తీసుకోవద్దు. అది అభ్యాసానికి పనికివచ్చే గాలి కాదు, అప్పుడు పడవలు ఒడ్డునే ఉండాలి.

ఈ మాట విన్న తరువాత నాక్రా 15కు ఉండే పలకలు ఎంత లోతుకు దిగుతాయో పెన్నా ఒడ్డు గారు చెప్పగలరా?


పెన్నా ఒడ్డు, మార్చి 4

మంచి ప్రశ్న వేశారు. పూర్తిగా దించితే నడుము లోతు నీటిలో నిశ్చింతగా నడపలేము. పైకి లాగి నడపవచ్చు కానీ, అప్పుడు ఎదురుగాలికి పడవ పక్కకు జారిపోతుంది. హుస్సేన్‌సాగర్‌లో నీటిమట్టం పెద్దగా మారదు కాబట్టి నేను ఈ కోణంలో ఆలోచించలేదు.


అరిగోలు (కర్నూలు), మార్చి 5

మా తాతగారు సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ వేసి చేపలు పట్టేవారు. నేను కూడా సెలవుల్లో ఆయన వెంట తిరిగినవాడినే. కాటమరాన్ అనే మాట తమిళంలోని కట్టుమరం నుంచి వచ్చిందనీ, కట్టుమరం అంటే దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టిన తెప్ప అనీ ఇక్కడ ఒకసారి గుర్తుచేసుకోవాలనిపించింది. ఇప్పటి పందెపు పడవలకు ఉన్న రెండు డొప్పల రూపం పసిఫిక్ దీవుల వారిది. పేరు మాత్రం మన తీరానిది.

అసలు విషయానికి వస్తాను. జలాశయం అడుగు సముద్రపు అడుగు లాంటిది కాదు. నిన్నటి వరకు పొలమూ, తోటా, ఊరూ అయిన చోటనే ఇప్పుడు నీరు నిలిచి ఉంటుంది. గండికోట జలాశయంలో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. శ్రీశైలం నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం మొత్తంగా బయటికి వస్తుంది. గాజులదిన్నెలో అంత పెద్ద కట్టడాలు లేకపోవచ్చు కానీ, పొలం గట్లకు పేర్చిన రాళ్లు, నరికిన తుమ్మ మొద్దులు, పాత బావుల ఒరలు నీటి కింద కనిపించకుండా ఉంటాయి. పుట్టికి అడుగు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది కాబట్టి రాయి తగిలినా దొర్లుకుని పోతుంది. గంటకు ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయే పడవ కింద పలక దించి ఉంటే, అది రాయికి తగిలిన క్షణంలో పడవ ఆగుతుంది, పిల్లలు మాత్రం ముందుకు ఎగిరి పడతారు. పలక విరిగితే కొనవచ్చు. నేను భయపడేది పిల్లల కోసం.


తెరచాప, మార్చి 5

అరిగోలు గారు చెప్పినది అక్షరాలా నిజం. దానికి నేను ఇంకొకటి చేర్చాలి. కాటమరాన్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి తేలికగా ఒరగదు. ఒకసారి ఒరిగి పడితే మాత్రం, వెంటనే లేపకపోతే తెరచాప కొయ్య నీటిలోకి దిగి, పడవ పూర్తిగా తలకిందులవుతుంది. తలకిందులైన పడవను సముద్రంలో లేపడం కష్టమే కానీ అసాధ్యం కాదు. లోతు తక్కువ చెరువులో అయితే కొయ్య కొన నల్లరేగడి బురదలో కూరుకుపోతుంది. అప్పుడు పడవ బరువు, నీటి బరువు, గాలి తోపు అన్నీ ఆ కొయ్య మీదే పడి అది వంగిపోతుంది. చాలా ఏళ్ల కిందట ఒక చెరువులో నా కళ్లముందే ఇలా ఒక మంచి కొయ్య పాడైంది. దానిని బురద నుంచి తీయడానికి ఆరుగురం రెండు గంటలు శ్రమపడ్డాము. కాబట్టి ఏ పడవ కొన్నా, కొయ్య చివర గాలి నింపిన చిన్న తేలుడు బుడ్డి తప్పకుండా బిగించండి. పందెపు వారు అది అందంగా లేదని తీసేస్తారు. మీరు తీయవద్దు.


ఇద్దరు పిల్లల తల్లి (కర్నూలు), మార్చి 6

నేను పడవల విషయంలో ఏమీ తెలియనిదాన్ని. ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగిన రోజు నుంచి మా ఇంట్లో పడవ అనే మాట వింటేనే భయం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, ఇలాంటి అవకాశం వస్తే తప్పకుండా వెళ్తానంటుంది. మీరందరూ పడవ తిరగబడడం గురించి అది జరిగి తీరే విషయంలా రాస్తున్నారు. తిరగబడినప్పుడు పిల్లలు రెండు డొప్పల మధ్య కూర్చోవడానికి కట్టిన ఆ వల కింద చిక్కుకుంటే ఏమవుతుంది? ఇద్దరు ఆడపిల్లలు ఉన్న పడవను వారే లేపగలరా? దయచేసి నన్ను ఓదార్చడానికి కాకుండా, ఉన్నది ఉన్నట్టుగా చెప్పండి.


పెన్నా ఒడ్డు, మార్చి 6

అమ్మా, ఉన్నది ఉన్నట్టుగానే చెబుతాను. తెరచాప పడవ తిరగబడుతుంది. నేర్చుకునే రోజుల్లో మేము మొదటి వారంలోనే, గాలి లేని రోజు, ఒడ్డు దగ్గర, పక్కన మోటారు పడవ పెట్టుకుని, కావాలనే తిరగేసి లేపడం నేర్చుకుంటాము. ప్రయాణికుల పడవ మునిగినప్పుడు మనుషులకు ఒంటి మీద తేలుడు కోటు ఉండదు, పడవ అడుక్కు పోతుంది. ఇక్కడ పిల్లలు ఒడ్డు మీదనే తేలుడు కోటు వేసుకుంటారు, పడవ డొప్పలు మూసి ఉంటాయి కాబట్టి తిరగబడినా నీటి మీదనే తేలుతుంది. పడవను వదలకుండా పట్టుకోవాలన్నది వారికి మొట్టమొదట నేర్పే నియమం.

వల కింద చిక్కుకోవడం నిజమైన ప్రమాదమే. కంగారు పడకుండా పక్కకు జరిగి బయటికి రావచ్చు. అయితే తాడో, ట్రాపీజ్ కొక్కెమో పట్టుకుంటే పరిస్థితి వేరు. అందుకే ప్రతి పిల్లకూ నడుముకు మొన లేని చిన్న కత్తి ఉండాలి, మొదటి ఏడాది ట్రాపీజ్ వాడకూడదు, మోటారు పడవ లేకుండా ఒక్క తెరచాప కూడా లేవకూడదు. 

మీ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది పిల్లల బరువును బట్టి ఉంటుంది. ఉపాధ్యాయులు గారూ, ఇంతమందిమి ఇన్ని మాటలు రాశాము కానీ పిల్లల బరువు ఎంతో ఎవరమూ అడగలేదు. దయచేసి తూకం వేసి రాస్తారా?


హంద్రీ తీరం, మార్చి 9

ఈ రోజు ఉదయం పాఠశాలలో పన్నెండు మందినీ తూచాను. అందరికన్నా తేలికైన అమ్మాయి 36 కిలోలు, అందరికన్నా బరువైన అబ్బాయి 58 కిలోలు. ఎక్కువమంది 40కీ 48కీ మధ్యలో ఉన్నారు. తేలికైనవారికి బరువైనవారిని జత కట్టి చూస్తే ఇద్దరి బరువు 84 నుంచి 104 కిలోల మధ్య వస్తున్నది.


తెరచాప, మార్చి 9

ఈ అంకెలు చూసిన తరువాత నేను నా ఓటును వెనక్కి తీసుకుంటున్నాను.

హోబీ 16 పందేలలో ఇద్దరి బరువు కలిపి 285 పౌండ్లు, అంటే 129 కిలోలకు పైగా ఉండాలని క్లాసు నియమం. తక్కువ పడితే ఆ మేరకు బరువు మోయాలి. పాతిక నుంచి నలభై ఐదు కిలోల అదనపు బరువు మోస్తూ పందెం ఆడడం పిల్లలకు న్యాయం కాదు. అంతకన్నా ముఖ్యమైనది, పక్కకు పడిన హోబీ 16ను లేపాలంటే ఒక డొప్ప మీద నిలబడి, తాడు పట్టుకుని వెనక్కి వేలాడాలి; దానికి దాదాపు అంతే బరువు కావాలి. తొంభై కిలోల జత ఎంత ప్రయత్నించినా కొయ్య నీటి మీది నుంచి లేవదు. నేర్పు, ధైర్యం ఉన్నా బరువు చాలదు. లేపలేని పడవలో పిల్లలను పంపితే ప్రతి పడటానికీ మోటారు పడవ రావాలి, మూడు పడవలు ఒకేసారి పడితే ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆ తల్లి గారు అడిగిన ప్రశ్నే ఈ చర్చ మొత్తంలో సరైన ప్రశ్న.

నాక్రా 15 దీనికన్నా తేలికైన జతకు తయారైనది. అయినా అది కూడా 120 కిలోల చుట్టూ ఉన్న జతను ఊహించి గీసిన పడవ. మన పిల్లలు దానికి కూడా రెండేళ్లు తక్కువే.


నల్లరేగడి (ఆదోని), మార్చి 10

అందరూ కాటమరాన్ అనే మాట దగ్గరే ఆగిపోయారు. మన దేశంలో పిల్లల జాతీయ పోటీలలో ఎక్కువమంది పోటీపడేది ఆప్టిమిస్ట్, ఐఎల్‌సీఏ 4, 420, 29ఈఆర్ వంటి ఒకే డొప్ప పడవల మీద. కాటమరాన్ నడిపే పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతే ఉంటారు. హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 2023లో ఐఎల్‌సీఏ 4 మీద రజతం గెలిచిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని దేవాస్ ప్రాంతపు అమ్మాయి. నేర్చుకున్నది సముద్రం మీద కాదు, భోపాల్ చెరువులో, అక్కడి నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో. మన పిల్లలకు ఆ దారే కదా ఆదర్శం? ఆప్టిమిస్ట్ బరువు 35 కిలోలే, ఇద్దరు పిల్లలు మోసుకుపోవచ్చు. సముద్రం లేని ఊరికి కాటమరాన్ ఎందుకు?


పెన్నా ఒడ్డు, మార్చి 10

నేను రెండు రోజులుగా మనసులో పెట్టుకున్న మాటను మీరు రాశారు. పతకాల లెక్కలో మీరు చెప్పినదే సరైనది, కాదనలేను. నేను హుస్సేన్‌సాగర్‌లో మొదలుపెట్టింది కూడా ఆప్టిమిస్ట్‌తోనే.

అయితే ఆప్టిమిస్ట్ 15 ఏళ్ల వయసు వరకు ఉన్నవారి క్లాసు. ఈ పన్నెండు మందిలో సగానికి సగం ఏడాది తిరిగేసరికి ఆ వయసు దాటుతారు. ఐఎల్‌సీఏ 4 మంచి పడవే, కానీ ఒక్కరి పడవ. నాకు గుర్తున్నంతవరకు, నీటి మీద మొదటి నెలలో నన్ను భయపెట్టింది గాలి కాదు, ఒంటరితనం. చెరువు మధ్యలో తాడు చిక్కుపడి ఎవరినీ అడగలేక ఏడ్చాను. ఈత తప్ప ఏదీ తెలియని పిల్లలను జతగా పంపాలన్న ఉపాధ్యాయుల ఆలోచన నాకు నచ్చింది. ఇద్దరి మాట ఒకటైతేనే పడవ మలుపు తిరుగుతుందని వారికి తొందరగా అర్థమవుతుంది. కాటమరాన్‌లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అది ఎదురుగాలికి మలుపు తిరిగేటప్పుడు మధ్యలో ఆగిపోతుంది. జిబ్‌ను ఒక క్షణం వెనక్కి పట్టి ఉంచేవారు, చుక్కాని తిప్పేవారు ఒకే లయలో పనిచేయాలి.


ఫైబర్ పని (అనంతపురం), మార్చి 11

నేను ఫైబర్ గ్లాస్ పని చేయిస్తాను. తలుపులు, నీటి తొట్లు, గుడి ఉత్సవాలకు బొమ్మలు. పడవ ఏ పదార్థంతో చేసినదో ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

హోబీ 16, నాక్రా 15 రెండూ ఫైబర్ గ్లాస్ పడవలు. రెండు పలుచని పొరల మధ్య నురుగు పలక పెట్టి అతుకుతారు. రాయి తగిలి పగిలితే అనంతపురంలోనో కర్నూలులోనో మాలాంటివాళ్లం రెండు రోజుల్లో బాగుచేయగలం. కానీ ఆ మధ్యలోని నురుగులోకి నీరు దిగితే పొరలు విడిపోతాయి, వేలితో నొక్కితే మెత్తగా తెలుస్తుంది. పాత పడవ కొనేటప్పుడు కొయ్య నిలబడే చోటికి ముందు, డొప్పల పైభాగం మీద అడుగడుగునా నొక్కి చూడండి. మెత్తగా ఉంటే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

హోబీ వేవ్ సంగతి వేరు. దానిని మన మిద్దెల మీది సింటెక్స్ ట్యాంకు లాగా అచ్చును తిప్పుతూ పాలిథీన్‌ను కరిగించి పోతపోస్తారు. రాళ్లకు తగిలినా గీతలు పడతాయి కానీ పగలదు. పగిలితే మాత్రం మా రెజిన్ దానికి అంటుకోదు, ప్లాస్టిక్ వెల్డింగ్ చేయాలి. ట్యాంకులకు ఆ పని చేసేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. దాని శత్రువు మన ఎండ. నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఇరుకైన దిమ్మెల మీద పెడితే ఆ చోట మెత్తబడి గుంట పడుతుంది. చింతచెట్టు నీడలోనైనా సరే, రేకుల పాకలోనైనా సరే, వెడల్పైన పాత టైర్ల మీద ఉంచండి.


గాలిమర, మార్చి 12

మరో ముఖ్యమైన విషయం. హోబీ పడవల తెరచాప కొయ్యలు అల్యూమినియంతో చేసినవి. హోబీ 16 కొయ్య ఎనిమిది మీటర్ల ఎత్తు, వేవ్ కొయ్య ఆరు మీటర్లు. మన పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగలు చాలాచోట్ల హోబీ కొయ్య కన్నా తక్కువ ఎత్తులోనే వేలాడుతుంటాయి. అమెరికాలో ఇలాంటి తీగలు తగిలి ప్రాణాలు పోయిన తరువాతనే హోబీ వారు కొయ్య పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టారు. పాత పడవ కొంటే ఆ భాగం ఉన్నదో లేదో చూడండి. ఉన్నా సరే, కొయ్య నిలబెట్టే చోటు నుంచి నీటి వరకు తల పైన ఒక్క తీగ కూడా ఉండకూడదు. తడి తాళ్లకూ, కొయ్యను పట్టి ఉంచే ఉక్కు తీగలకూ ఆ రక్షణ లేదు.

జలవనరుల శాఖ అనుమతి కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే పడవలు దించే చోటును పటంలో గుర్తించి, దగ్గరలోని తీగల వివరం కూడా రాయండి.


హంద్రీ తీరం, మార్చి 16

వారం రోజులుగా మీరు రాసిన ప్రతి అక్షరాన్ని పూర్వ విద్యార్థులకు చదివి వినిపించాను. నిన్న సాయంత్రం అందరం కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాము.

మొదట మూడు హోబీ వేవ్ పడవలు తీసుకుంటున్నాము. నాలుగు మీటర్ల లోపు పొడవు, 111 కిలోల బరువు, కింద పలకలు లేవు, రాయి తగిలితే చుక్కాను లేస్తుంది. తెరచాప కింద అడ్డుకర్ర లేకపోవడం వల్ల మలుపులో పిల్లల తలకు దెబ్బ తగిలే భయం లేదు. తెరచాప కూడా చిన్నది, కొయ్య తక్కువ ఎత్తు, కాబట్టి మా తేలిక జతలు దీనిని తామే లేపగలరని తెరచాప గారు ఫోనులో నాకు ధైర్యం చెప్పారు. అయినా కొన్న రోజునే, ఒడ్డు దగ్గర, 36 కిలోల మా అమ్మాయిని జతలో పెట్టి లేపించి చూస్తాము. లేవకపోతే మూడో మనిషిని ఎక్కించే పద్ధతి ఆలోచిస్తాము. దీనికి మన దేశంలో క్లాసు పోటీలు లేవన్నది తెలుసు. మూడు పడవలూ ఒకే కొలతవి కాబట్టి మాలో మేము ఆడుకునే పందెం న్యాయమైనదే అవుతుంది. ప్రతి శనివారం పందెం, ప్రతి పందానికీ జతలు మారాలి.

నల్లరేగడి గారి మాట కూడా వదిలిపెట్టలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒంటరిగా నడపాలని ఇష్టపడితే, వారిని ఏడాది తరువాత హైదరాబాదులో ఐఎల్‌సీఏ 4 మీద కూర్చోబెట్టి చూస్తాము. నాక్రా 15 ఇప్పుడు కొనడం లేదు. జత బరువు 110 దాటిన రోజున, వారికి ట్రాపీజ్ అలవాటైన తరువాత, నీరు నిండుగా ఉన్న నెలలలో ఎక్కడైనా అద్దెకు తీసుకుని నడిపించాలని అనుకుంటున్నాము. మిగిలిన డబ్బులో మొదటి వాటా మోటారు పడవకు. నిజానికి అది లేకుండా మూడు పడవలు కొనాలన్నదే మా మొదటి ఆలోచన. ఇద్దరు పిల్లల తల్లి గారి ఉత్తరం చదివిన తరువాత ఆ లెక్క మార్చాము. అమ్మా, మీ అమ్మాయి సెలవుల్లో రాదలచుకుంటే మా పిల్లలతో పాటు నేర్చుకోవచ్చు.


ఇద్దరు పిల్లల తల్లి, మార్చి 16

మొదటి రోజు ఒడ్డున నేను కూడా ఉండవచ్చునంటే పంపుతాను.


హంద్రీ తీరం, మార్చి 16

తప్పకుండా ఉండండి. మొదటి రోజే కాదు, ఎన్ని రోజులైనా సరే.


అరిగోలు, మార్చి 17

ఉపాధ్యాయులు గారూ, ఒక పని మే నెలలోనే చేయాలి, తరువాత చేయడానికి వీలుపడదు. నీరు బాగా తగ్గిన రోజుల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఆ ఎండిన అడుగు మీద నడవండి. రాతి గట్టు ఎక్కడున్నదో, మొద్దు ఎక్కడున్నదో, బావి ఎక్కడున్నదో వారి చేతనే పటం గీయించండి. పెద్ద మొద్దులు తవ్వి తీయించగలిగితే తీయించండి. తీయలేని ప్రతి రాయికీ పొడవైన నైలాన్ తాడు కట్టి, చివర మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకు ఎర్ర రంగు వేసి వదలండి. నీరు పెరిగేకొద్దీ అది పైకి తేలి ఆ చోటు చూపిస్తుంది. తాడు నిండు నీటి లోతుకు సరిపోయేంత ఉండాలి, లేకపోతే సెప్టెంబరులో డబ్బా మునిగిపోతుంది. నడవలేని బురద చోట్లు చూడడానికి నేను మా తాతగారి పుట్టి తీసుకుని వస్తాను.


హంద్రీ తీరం, మార్చి 17

మే రెండో ఆదివారం ఉదయం ఆరు గంటలకు కట్ట మీద కలుద్దాము. పన్నెండు మందినీ తీసుకువస్తాను, కొలత టేపులు, ఎర్ర రంగు మా పాఠశాల నుంచి తెస్తాము. ఖాళీ డబ్బాలు రెండు బస్తాల వరకు కావాలి. ఎమ్మిగనూరులో ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు.